చీలమండ బెణుకు తరువాత పరుగు

చీలమండ బెణుకు అంటే కాలు, పాదము కలిసే కీలును పట్టి ఉంచే సంధిబంధనాలు హద్దుకు మించి సాగటం లేదా చిరగటం. వైద్యులు ఈ బంధనాలను లిగమెంట్లు అంటారు. పరుగెత్తేవారికీ, కబడ్డీ, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడేవారికీ తరచుగా కలిగే గాయాలలో ఇది ఒకటి. ఎముక విరగలేదని తెలియగానే దీనిని చిన్న గాయంగా భావించి, నొప్పి తగ్గిన మరునాడే పరుగుకు దిగటం చాలామంది చేసే పని. కాని నొప్పి తగ్గటమూ, గాయం మానటమూ ఒకటి కావు. నొప్పి కొద్దిరోజులలో తగ్గిపోవచ్చును. సాగిన బంధనం గట్టిపడటానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ మళ్ళీ బెణకటానికి ఈ రెండింటి మధ్య ఉన్న వ్యవధిని లెక్కచేయకపోవటం ఒక ముఖ్య కారణం.

కొల్లిపర పరిసరాలలో పరుగు

గుంటూరు జిల్లా, తెనాలి రెవెన్యూ డివిజనులోని కొల్లిపర మండల కేంద్రం. కృష్ణానది కుడి ఒడ్డున, పశ్చిమ డెల్టా కాలువల కింద ఉన్న ఈ ప్రాంతంలో వరి, అరటి, పసుపు, కంద పండిస్తారు. ఇటువంటి గ్రామాలలో పరుగు అలవాటున్నవారిలో ఎక్కువమంది ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు కారు. పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు తయారయ్యే యువతీయువకులు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకంలో 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాలలో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకండ్లలో పూర్తిచేయాలి. 8 నిమిషాలంటే 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి రెండేసి నిమిషాలు. ఆరోగ్యవంతుడైన యువకునికి ఇది కొన్ని నెలల సాధనతో అందే వేగమే. ఆ సాధన మధ్యలో చీలమండ బెణికినప్పుడే చిక్కు వస్తుంది.

పరుగెత్తే చోటును బట్టి గాయపు అవకాశం మారుతుంది. పొలం గట్లపై ఎండ్రకాయల బొరియలు గడ్డిచాటున కనిపించవు. నల్లరేగడి నేల వానలలో జారుతుంది, వేసవిలో నెఱ్ఱెలిస్తుంది. కరకట్ట మీది దారి పొడవుగా, వాహనాల తాకిడి తక్కువగా ఉండటం వలన పరుగుకు అనువైనదే గాని, తెల్లవారుజామున చీకటిలో గుంటలు తెలియవు. తారురోడ్డు అంచు నుండి మట్టి మీదికి పాదం జారి మడత పడటం మరొక సాధారణ కారణం.

చీలమండ నిర్మాణం

మోకాలి కింద రెండు ఎముకలు ఉంటాయి. లోపలివైపు లావుగా ఉండేది అంతర్జంఘిక, వెలుపలివైపు సన్నగా ఉండేది బహిర్జంఘిక. వైద్యులు వీటిని టిబియా, ఫిబ్యులా అంటారు. చీలమండకు ఇరుపక్కల ఉబ్బెత్తుగా చేతికి తగిలేవి ఈ ఎముకల చివరలే. ఈ రెండు చివరల నడుమ పాదపు ఎముక అయిన టేలస్, పటకారు నోటిలో వస్తువు ఇమిడినట్లు ఇమిడి ఉంటుంది. వెలుపలి ఎముక లోపలి దానికన్నా కిందికి దిగి ఉండటం వలన పాదం వెలుపలికి తిరగటం కష్టం, లోపలికి తిరగటం తేలిక. పైగా టేలస్ ముందు వెడల్పుగా, వెనుక సన్నగా ఉంటుంది. అందుచేత మునివేళ్ళు కిందికి దిగినప్పుడు కీలు కొంత వదులవుతుంది. గుంటలో కాలు పడ్డప్పుడు మునివేళ్ళు దిగి, అరికాలు లోపలికి మడత పడుతుంది. ఎక్కువ బెణుకులు ఇలాగే జరుగుతాయి.

వెలుపలివైపున మూడు బంధనాలు ఉంటాయి. వాటిలో బహిర్జంఘిక నుండి టేలస్ ముందుభాగానికి పోయే బంధనం అన్నిటికన్నా బలహీనమైనది. ముందుగా దెబ్బతినేది ఇదే. దెబ్బ గట్టిదైతే మడమ ఎముకకు పోయే బంధనం కూడా చిరుగుతుంది. లోపలివైపు బంధనం విసనకర్ర ఆకారంలో దృఢంగా ఉంటుంది, అది గాయపడటం తక్కువ. రెండు కాలి ఎముకలను చీలమండకు కాస్త పైన కలిపి ఉంచే బంధనం చిరిగితే దానిని ఎగువ బెణుకు అంటారు. దానిలో వాపు తక్కువగా కనిపించినా మానటానికి మామూలు బెణుకుకన్నా చాలా ఎక్కువకాలం పడుతుంది.

బంధనాలు కేవలం కట్టుతాళ్ళు కావు. వాటిలోని నాడుల కొనలు పాదం ఏ కోణంలో ఉన్నదో క్షణక్షణం మెదడుకు తెలుపుతుంటాయి. కళ్ళు మూసుకొని కూడా మనిషి ఒంటికాలిపై నిలబడగలగటానికి ఈ సమాచారం తోడ్పడుతుంది. బెణుకులో ఈ నాడులు కూడా దెబ్బతిని కీలుకు స్థితిజ్ఞానం తగ్గుతుందని, నిలకడ సాధన వలన దానిని తిరిగి పెంచవచ్చునని బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఫ్రీమన్ 1965లో ప్రతిపాదించాడు. నేటి పునరావాస చికిత్సలో ఒంటికాలి సాధనకు ఇచ్చే ప్రాధాన్యం చాలావరకు ఆ ఆలోచన నుండి వచ్చినదే.

తీవ్రత

బెణుకులను మూడు తరగతులుగా చెబుతారు. మొదటి తరగతిలో బంధనం సాగుతుంది, వాపు కొద్దిగా ఉంటుంది, కుంటుతూనైనా నడవవచ్చు. సాధారణంగా రెండు మూడు వారాలలో పరుగు మొదలుపెట్టే స్థితి వస్తుంది. రెండవదానిలో బంధనం కొంత చిరిగి, వాపుతోపాటు నీలిమచ్చ వస్తుంది. మూడు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. మూడవదానిలో బంధనం పూర్తిగా తెగుతుంది. దానికి రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. ఇవి ఉజ్జాయింపులు మాత్రమే. క్యాలెండరు చూసి పరుగు మొదలుపెట్టటం కన్నా కాలు ఏమి చేయగలుగుతున్నదో చూసి మొదలుపెట్టటం మేలు.

ఎముక విరిగినదా అన్న ప్రశ్న

మొదట తేల్చుకోవలసినది ఇదే. కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలను ఇందుకు ప్రపంచమంతటా వాడుతున్నారు. చీలమండ ఇరుపక్కల ఎముక చివరలను, ముఖ్యంగా వాటి వెనుక అంచును నొక్కినప్పుడు నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ, వైద్యుని ఎదుటనూ రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. చిటికెనవేలి వైపు పాదం నడిమి అంచున ఎముకపై నొక్కితే నొప్పి ఉన్నా, పాదం లోపలి అంచున చీలమండకు ముందున్న ఎముకపై నొప్పి ఉన్నా అంతే. కొల్లిపర వారికి తెనాలి ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. చిక్కైన గాయాలకు గుంటూరు సర్వజన ఆసుపత్రి ఉన్నది.

రాయలసీమలోని పుత్తూరు పేరుతో ప్రసిద్ధమైన కట్టు వైద్యం మీద కోస్తా జిల్లాలలో కూడా నమ్మకం ఉన్నది. అయితే ఏ కట్టు కట్టించుకున్నా ఎముక సంగతి తెలియకముందు కీలును లాగటం, తిప్పటం, "సరిచేయటం" ప్రమాదకరం.

మొదటి రోజులు

అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో విశ్రాంతి, మంచు, బిగింపు కట్టు, కాలు ఎత్తున ఉంచటం అనే నాలుగు సూత్రాలను ప్రచారంలోకి తెచ్చాడు. పూర్తి విశ్రాంతి, మంచు గాయం మానటాన్ని ఆలస్యం చేయవచ్చునని 2014లో ఆయనే తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. మంచు నొప్పిని తగ్గిస్తుంది గనుక కొద్దిసేపు గుడ్డలో చుట్టి పెట్టుకోవటంలో తప్పులేదు. బిగింపు కట్టు, పడుకొన్నప్పుడు దిండుపై కాలు ఎత్తి ఉంచటం నేటికీ చెబుతున్నారు. మారినదల్లా విశ్రాంతి విషయమే. ఒకటి రెండు రోజుల తరువాత, నొప్పి ఓర్చుకోగలిగినంతలో, కాలు మోపి నడవటం మొదలుపెట్టిన వారే త్వరగా కోలుకొంటారు. వారాల తరబడి మంచం పట్టటం వలన పిక్క కండరం కరిగి, కీలు బిగుసుకుపోతుంది.

దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు ఇంత దగ్గరలో ఉన్న ఊళ్ళలో బెణుకుకు పసుపు, సున్నం కలిపి పట్టు వేయటం సహజమే. చర్మం చిట్లకుండా ఉంటే పసుపు పట్టు వలన పెద్ద కీడు లేదు. సున్నం ఎక్కువైతే మాత్రం చర్మం కాలుతుంది. అసలు జాగ్రత్త పడవలసినది వేడి కాపడం, నూనె మర్దనాల విషయంలో. మొదటి రెండు మూడు రోజులలో ఇవి రక్తస్రావాన్ని, వాపును పెంచుతాయి.

పరుగుకు ముందు సాధన

నడక కుదుటపడుతున్న కొద్దీ నాలుగు విషయాలు తిరిగి రావాలి: కీలు కదలిక, బలం, నిలకడ, చివరగా కుదుపును తట్టుకొనే శక్తి. వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కుర్చీలో కూర్చొని బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దటం మంచి కదలిక సాధన. తెలుగు అక్షరాలు గుండ్రనివి గనుక అ నుండి ఱ వరకు దిద్దేసరికి చీలమండ అన్ని దిక్కులకూ తిరుగుతుంది. పాత సైకిలు ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి, దానిలో పాదం పెట్టి వెలుపలికి లాగితే బెణుకును అడ్డుకొనే కండరాలు బలపడతాయి. అరుగు అంచున మునివేళ్ళపై లేచి దిగటం పిక్కకు బలమిస్తుంది. మొదట రెండు కాళ్ళతో, తరువాత ఒంటికాలితో చేయాలి.

నిలకడ సాధనను చాలామంది వదిలివేస్తారు, ఎందుకంటే దానిలో చెమట పట్టదు, ఏమీ చేసినట్లు ఉండదు. కాని మళ్ళీ బెణకకుండా కాపాడటంలో దీని మేలును అనేక పరిశోధనలు నిరూపించాయి. పళ్ళు తోముకొనే సమయంలో ఒంటికాలిపై నిలబడటంతో మొదలుపెట్టవచ్చు. అది సులభమైన తరువాత కళ్ళు మూసుకొని, ఆ తరువాత మడతపెట్టిన దుప్పటిపై నిలబడాలి. పక్కన గోడ ఉండాలి. ఈ సాధన పరుగు మొదలైన తరువాత కూడా కొన్ని నెలలు కొనసాగించవలసినదే. ఈ కాలంలో ఊపిరి బలం తగ్గకుండా సైకిలు తొక్కటం మంచి మార్గం.

పరుగుకు సిద్ధమైనట్లు గుర్తులు

కుంటకుండా, నొప్పి లేకుండా అరగంట చురుకుగా నడవగలగాలి. గాయపడిన కాలిపై ఒంటికాలితో అరనిమిషం తూలకుండా నిలబడగలగాలి. ఒంటికాలి మునివేళ్ళపై లేవటం మంచి కాలితో ఎన్నిసార్లు చేయగలరో, ఇంచుమించు అన్నిసార్లు గాయపడిన కాలితోనూ చేయగలగాలి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించే పరీక్షలో రెండు పాదాలకు మధ్య దూరం తేడా ఒక సెంటీమీటరుకు అటూ ఇటుగా ఉండాలి. చివరిది ఒంటికాలి గెంతు. ముందుకు, పక్కలకు పదిసార్లు గెంతినప్పుడు నొప్పిగాని, కాలు ఇస్తుందో ఇవ్వదో అన్న జంకుగాని ఉండకూడదు. జంకు కూడా ఒక లక్షణమే. దానిని పిరికితనంగా కొట్టివేయరాదు.

నడక, పరుగు క్రమం

మొదటిరోజు పరుగు ఎంత తక్కువైతే అంత మంచిది. వాడుకలో ఉన్న పద్ధతి ఇది: ఐదు నిమిషాలు నడిచి, ఆ తరువాత ఒక నిమిషం నింపాదిగా పరుగు, నాలుగు నిమిషాల నడక. ఇలా ఐదుసార్లు. మధ్యలో ఒకరోజు విడిచి మళ్ళీ అదే. రెండుసార్లూ ఇబ్బంది లేకపోతే రెండు నిమిషాల పరుగు, మూడు నిమిషాల నడక. తరువాత మూడు, రెండు. ఆపైన నాలుగు, ఒకటి. ప్రతి మెట్టులోనూ కనీసం రెండు పూటలు గడపాలి. ఈ లెక్కన విడవకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తటానికి రెండున్నర, మూడు వారాలు పడుతుంది. ఇది నిదానంగా తోచవచ్చు. కాని తిరిగి బెణికితే పోయే కాలంతో పోల్చితే ఎక్కువేమీ కాదు.

ఎప్పుడు ముందుకు పోవాలి, ఎప్పుడు ఆగాలి అన్నది కాలే చెబుతుంది. నొప్పిని పదింటికి లెక్కవేస్తే రెండు మూడు వరకు, అదీ పరుగు ఆపాక తగ్గిపోయేదైతే, సాధారణంగా అభ్యంతరం ఉండదు. మరునాటి ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగులను గమనించటం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. అప్పుడు కీలు ముందుటి రోజుకన్నా బిగుసుకొని ఉన్నా, వాపు కనిపించినా ఒక మెట్టు వెనుకకు దిగాలి. నడకలో తేడా వచ్చే నొప్పి, కీలు తప్పుకొన్నట్లు అనిపించటం ఉంటే ఆ పూట అక్కడితో ఆపివేయాలి.

వారానికి పదిశాతానికి మించి పెంచరాదన్న సూత్రం పరుగు పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. నెదర్లాండ్సులోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు నేర్చుకొంటున్నవారిపై జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఈ సూత్రాన్ని పాటించినవారికి, పాటించనివారికి గాయాలలో తేడా కనిపించలేదు. మెల్లగా పెంచాలన్న మాట నిజమే, కాని ఆ అంకెలో మహత్తు ఏమీ లేదు.

దూరం వచ్చిన తరువాతనే వేగం. మొదట సమతల నేలపై తిన్నగా, పిదప మెల్లగా వేగం పెంచుతూ వంద మీటర్ల పరుగులు, ఆ తరువాత మైదానపు వంపులు, చివరగా మలుపులు, దూకుళ్ళు. పోలీసు పరీక్షలో లాంగ్‌జంప్ కూడా ఉన్నది గనుక దానిని అన్నిటికన్నా ఆఖరున మొదలుపెట్టాలి.

నేల, పాదరక్షలు, కట్టు

మొదటి వారాలకు ఎగుడుదిగుళ్ళు లేని బడి మైదానం అన్నిటికన్నా మంచిది. పొలం గట్లు, నది ఒడ్డున ఇసుక తరువాతి సంగతి. మెత్తగా ఉన్నది గదా అని ఇసుకలో పరుగెత్తితే పాదం ప్రతి అడుగులోనూ ఒరుగుతుంది. తారురోడ్డు నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది. వాలులో దిగువన ఉన్న పాదం బెణుకు దిశలోనే వంగి ఉంటుంది. ఎదురు వాహనాలు కనిపించేలా కుడి అంచున పరుగెత్తేవారికి ఈ భారం కుడి పాదంపై పడుతుంది.

మడమ ఒకవైపు అరిగిపోయిన బూట్లు పాదాన్ని ఆ వైపే ఒరిగేలా చేస్తాయి. వాటిని బల్లపై పెట్టి వెనుకనుండి చూస్తే తెలుస్తుంది. తాళ్ళతో బిగించే చీలమండ పట్టీలు, టేపు కట్టు మునుపు బెణికినవారిలో మళ్ళీ బెణకటాన్ని తగ్గిస్తాయని తేలింది. మందుల దుకాణాలలో దొరికే సాగే క్రేప్ గుడ్డ వాపుకు పనికివస్తుంది గాని, పరుగులో కీలును ఆపగలిగేంత బలం దానికి లేదు. పట్టీ వాడితే కండరాలు బలహీనమవుతాయన్నది అపోహ, నిలకడ సాధన మానకుండా ఉన్నంతవరకు.

దేహదారుఢ్య పరీక్ష దగ్గరపడినప్పుడు

పరీక్ష తేదీ గాయాన్ని చూసి రాదు. 2022 నవంబరులో ప్రకటన వెలువడిన కానిస్టేబుల్ నియామకంలో 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరిలోగాని మొదలుకాలేదు. అభ్యర్థులు రెండేళ్ళపాటు ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియకుండా సాధన సాగించవలసి వచ్చింది. ఇటువంటి స్థితిలో గాయపడినవారు "ఈలోపు తేదీ వస్తే" అన్న భయంతో తొందరపడటంలో వింత లేదు.

అయితే తేదీ తెలియనప్పుడు ఆరు వారాలు ఆగటం వలన కలిగే నష్టం తక్కువ. అంత విరామంలో తగ్గిన దమ్ము, సైకిలు సాధన కూడా ఉంటే, కొద్ది వారాలలో తిరిగి వస్తుంది. తేదీ దగ్గరలోనే ఉన్నప్పుడు ప్రశ్న కఠినమైనది. మొదటి తరగతి బెణుకై, పై గుర్తులన్నీ సరిపోతే, గట్టి పట్టీతో 1600 మీటర్లు తిన్నగా పరుగెత్తటం సాధ్యం కావచ్చు. దీనిని ఎముకల వైద్యుడు లేదా ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. నొప్పి తెలియకుండా సూది వేయించుకొని మైదానంలోకి దిగటం మాత్రం చేయరాని పని. డైక్లోఫెనాక్ వంటి మందులు నొప్పిని కప్పుతాయి గాని బంధనాన్ని అతికించవు. ఆ గంటలో కాలు చేసే హెచ్చరిక వినిపించక, సగం చిరిగినది పూర్తిగా తెగవచ్చు. ఉద్యోగం వచ్చిన తరువాత శిక్షణలో ప్రతిరోజూ పరుగెత్తవలసినది ఆ కాలితోనే.

పి.వి. సింధు విరామం

ఉన్నతస్థాయి క్రీడాకారులు వెంటనే మైదానానికి తిరిగి వస్తారన్న అభిప్రాయం ఉన్నది. బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణ పతకం గెలిచింది. ఆ క్రీడలలో ఎడమకాలికి కలిగిన గాయం ఎముకలో సన్నని చీలికగా తేలింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె వెళ్ళలేదు. 2023 జనవరిలో మలేషియా ఓపెన్‌తో తిరిగి వచ్చి, మొదటి ఆటలోనే స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయింది. ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో ఫైనల్ చేరింది. ఇది బెణుకు కాదు, ఒత్తిడి వలన వచ్చిన ఎముక చీలిక. మానే తీరు వేరు. అయినా వైద్యులు, శిక్షకులు వెంట ఉన్న క్రీడాకారిణికే ఆటకు తిరిగి రావటానికి దాదాపు ఐదు నెలలు, ఆటతీరు కుదుటపడటానికి మరికొన్ని నెలలు పట్టిందన్నది గమనించదగినది.

మానని బెణుకు

బెణికినవారిలో కొందరికి ఏడాది గడచినా కాలు తరచుగా మడత పడటం, సమతలంగా లేని నేలపై అపనమ్మకం మిగిలిపోతాయి. దీనిని దీర్ఘకాలిక అస్థిరత అంటారు. ఇటువంటివారిలో చాలామందికి మూడు నెలలపాటు క్రమంగా చేసిన బలం, నిలకడ సాధనలతోనే మేలు కలుగుతుంది. శస్త్రచికిత్స ఆ తరువాతి మాట. ఆరు వారాలు దాటినా కాలు మోపినప్పుడు లోతుగా నొప్పి ఉండటం, కీలు పట్టుకుపోవటం, వాపు తగ్గకపోవటం ఉంటే టేలస్ పైనున్న మృదులాస్థి దెబ్బతిన్నదేమో, లేక ఎగువ బెణుకు గుర్తించబడలేదేమో చూడవలసి ఉంటుంది. మొదటి ఎక్స్‌రేలో ఇవి కనిపించకపోవచ్చు గనుక, "ఎక్స్‌రే బాగానే ఉన్నది" అన్న పాత చీటీని పట్టుకొని ఊరుకోకుండా మళ్ళీ వైద్యుని కలవాలి.